అమ్మ చీరలు అని రాశాను

ఆ ఫారంలో ఒక గడి పక్కన "డిజైన్ సోర్స్" అని అచ్చేసి ఉంది. పొయ్యి మీద పప్పు పొంగకుండా ఓ కన్ను అటు వేసి, వంటగట్టు మీదే కాగితం పెట్టుకుని, ఆ గడిలో ఇంగ్లీషులో "మా అమ్మ చీరలు" అని రాసేశాను. సోర్స్ అంటే గుడ్డ ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతున్నారనుకున్నాను. ఆ మూడు మాటలు 2019 జనవరి నుంచి జూన్ దాకా నాకు కంటి మీద కునుకు లేకుండా చేశాయి.

మాది తెనాలి పక్కన పల్లె. 1998లో పెళ్ళయి ఒహాయో వచ్చాను. పిల్ల బడికెళ్ళడం మొదలయ్యాక పగలంతా ఏం చెయ్యాలో తోచక, 2011లో మా ఊళ్ళోని క్విల్ట్ గిల్డ్‌లో చేరాను. నెలకి రెండు మంగళవారాలు చర్చి బేస్‌మెంట్‌లో కలుస్తారు. నలభై మంది ఆడవాళ్ళు, నలభై కుట్టుమిషన్లు, మూల ఒక పెద్ద కాఫీ కెటిల్. మన వైపు మనిషిని నేనొక్కదాన్నే.

క్విల్ట్ నాకు కొత్తేం కాదు. మా చిన్నప్పుడు "బొంతలు కుడతామమ్మా" అని కేకేసుకుంటూ వీధిలోకి వచ్చే ఆడవాళ్ళు మా అరుగు మీదే కూర్చుని, పాత చీరలు పొరలుగా పరిచి, దబ్బనంత సూదితో దూరం దూరంగా కుట్లు వేసి రెండ్రోజుల్లో బొంత దులిపి ఇచ్చేవాళ్ళు. క్విల్టూ ఆ వంశమే. పైన ముక్కలు అతికిన గుడ్డ, మధ్యలో దూది పొర, అడుగున ఇంకో గుడ్డ, మూడూ కలిపి కుట్టు. ఆ మధ్య పొరని బ్యాటింగ్ అంటారు. మా ఆయన ఆ మాట మొదటిసారి విని, స్కోరెంత అన్నారు.

అమ్మ 2016లో పోయింది. కర్మకాండలు అయ్యాక బీరువా తీస్తే నాకు దక్కినవి పదమూడు చీరలు. మంగళగిరి నూలువి ఐదు, వెంకటగిరివి నాలుగు, పోచంపల్లివి రెండు, గద్వాల ఒకటి, ఎక్కడ కొన్నదో తెలియని ముదురాకుపచ్చ చీర ఒకటి. ఒహాయో తెచ్చి ఏడాది పాటు సూట్‌కేసులోనే ఉంచాను. తీసి కట్టుకుందామంటే మనసు రాలేదు, ఎవరికైనా ఇచ్చేద్దామంటే అసలే రాలేదు.

ఊరికి గంట దూరంలో ఉన్న క్విల్ట్ షాపులో ఒక ప్యాటర్న్ కనపడింది. పద్దెనిమిది పేజీల పుస్తకం, 24 డాలర్లు. మధ్యలో ఎనిమిది మొనల నక్షత్రం. చుట్టూ మూడు వలయాలుగా త్రికోణాలు, బయటికి పోయేకొద్దీ పెద్దవవుతూ, బాతులు బారులు తీరినట్టు. అసలు ఆ త్రికోణాల వరసని వాళ్ళు ఎగిరే బాతులనే పిలుస్తారు. నాకు మాత్రం చూడగానే సంక్రాంతి ముగ్గనిపించింది. ముగ్గు సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నేను పెరిగిన పద్ధతి అది. పక్కింటి వాకిట్లో మంచి ముగ్గు కనపడితే నోటుపుస్తకంలో చుక్కలు లెక్కపెట్టి దించుకునేవాళ్ళం. ఎవరిదమ్మా ఈ ముగ్గు అని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ప్యాటర్న్ అట్ట మీద దాన్ని గీసినావిడ పేరు పెద్దక్షరాల్లోనే ఉంది. చూశాను. చూసి, లోపలి పేజీలు తిప్పాను.

కొయ్యడానికి కూర్చున్న రోజు మొదటి చీర మీద చక్రం కత్తి పెట్టి, అలాగే పది నిమిషాలు కూర్చున్నాను. పిజ్జా కోసే చక్రంలా ఉంటుంది అది. ఒక్కసారి దొర్లిస్తే ఆరు పొరలు తెగిపోతాయి. చివరికి కళ్ళు మూసుకుని దొర్లించలేదు గానీ, చూడకుండా దొర్లించాను. తీరా కోశాక ఇంకో కష్టం వచ్చింది. చీర గుడ్డ పల్చన, జారుడు. అమెరికా క్విల్టింగ్ నూలు బిర్రుగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది. దీన్ని ఎటు లాగితే అటు సాగుతోంది. ఆ కుట్టులో అంచు పావు అంగుళం ఉండాలి, అంతే. ముక్కకి నూలుపోగంత తేడా వచ్చినా ముప్పై రెండు ముక్కలు తిరిగొచ్చేసరికి వలయం మూసుకోదు. రెండుసార్లు కుట్టి రెండుసార్లూ విప్పాను. మూడోసారి అమ్మ చేసినట్టే చేశాను. అన్నం వార్చిన గంజి పల్చగా కలిపి, చీర ముక్కలన్నీ ముంచి, నీడన ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేశాను. ఇల్లంతా మా తెనాలి ఇంటి వాసన వచ్చింది. అప్పుడు నిలబడింది గుడ్డ. మూడో వలయం మూసుకుంది.

పదహారు నెలలు పట్టింది. 72 అంగుళాల చదరం.

2018 సెప్టెంబర్‌లో గిల్డ్ వార్షిక ప్రదర్శన. ఫారం నింపి ఇచ్చాను. గడిలో ఏం రాశానో పైన చెప్పాను. ఫారం వెనక, ఫోటోలు తీసుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఒక వాక్యం ఉంటే దాని కింద సంతకం కూడా పెట్టాను. క్విల్ట్ వీపున, పై అంచుకి నాలుగంగుళాల గుడ్డ గొట్టం కుట్టాలి. అందులోంచి కర్ర దూర్చి వేలాడదీస్తారు. తెల్ల చేతొడుగులు వేసుకున్న వాలంటీర్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. అమ్మ బతికున్నన్నాళ్ళూ మడత నలిగితే చీవాట్లు పెట్టేది. ఈ చేతొడుగుల మర్యాద చూస్తే నవ్వుకునేది.

మొదటి రోజు పొద్దున్నే వెళ్ళి చూస్తే క్విల్ట్ పక్కన నీలం రిబ్బను. మొదటి బహుమతి. రిబ్బను కింద చిన్న కార్డు. నా పేరు, కొలతలు, ఆ కింద "సొంత డిజైన్, తల్లి చీరలతో చేసినది" అని టైపు చేసి ఉంది. ఫారాలు చూసి కార్డులు టైపు చేసినావిడ, నా గడిలో ఏ డిజైనర్ పేరూ లేకపోవడంతో సొంతదే అనుకుంది.

ఇక్కడ నేను అబద్ధం చెప్పదలుచుకోలేదు. ఆ కార్డు చదివాను. తప్పని నాకు ఆ నిమిషానే తెలుసు. కార్యదర్శి పది అడుగుల దూరంలో నిలబడి ఉంది. వెళ్ళి చెప్పొచ్చు. ఈలోపు ఇద్దరు ముగ్గురు వచ్చి చేతులు పట్టుకుని అభినందించారు. రిబ్బను నీలంగా మెరుస్తోంది. సాయంత్రం చెబుదాంలే అనుకున్నాను. సాయంత్రం రేపనుకున్నాను. మూడు రోజులు ప్రదర్శన, మూడు రోజులూ ఆ కార్డు అక్కడే ఉంది.

డిసెంబర్‌లో గిల్డ్ నిధుల కోసం కాలెండర్ వేశారు. 300 ప్రతులు, ఒక్కోటి 12 డాలర్లు. అక్టోబర్ పేజీలో నా క్విల్ట్. దాని కింద మళ్ళీ అదే వాక్యం. ఇంటికి ఐదు కొని తెచ్చాను, రెండు ఇండియాకి పంపాను కూడా.

జనవరి రెండో వారంలో గిల్డ్ అధ్యక్షురాలు ఫోన్ చేసింది. గొంతు తేడాగా ఉంది. ఆ డిజైనర్ దగ్గర ఎప్పుడో తరగతికి వెళ్ళిన ఒకామె కాలెండర్ చూసి, డిజైన్ గుర్తుపట్టి, ఫోటో తీసి ఆవిడకి పంపిందట. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది, గిల్డ్‌కి ఒకటి, నాకొకటి. పేజీన్నర. అమ్మకాలు ఆపాలి, మిగిలిన కాలెండర్లు అప్పగించాలి, ఎన్ని అమ్మారో లెక్క చెప్పాలి. చివరి పేరాలో, ఉద్దేశపూర్వకంగా చేసిన ఉల్లంఘనకి చట్టం ఒక్కో కృతికి 1,50,000 డాలర్ల దాకా పరిహారం విధించవచ్చు అని.

మా ఆయన ఆ రాత్రి కాగితం మీద లెక్కలు వేశారు. ఇంటి మీద అప్పెంత మిగిలింది, అమ్మాయి కాలేజీ కోసం దాచినదెంత. నన్నొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఆయన పెన్సిల్ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాతి మంగళవారం గిల్డ్‌కి వెళ్ళాను. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని వెళ్ళాను. ఏడేళ్ళు నా పక్క మిషన్ మీద కుట్టినావిడ ఆ రోజు తన మిషన్ తీసుకుని కిటికీ వైపు బల్లకి మారింది. వెలుతురు కోసం అంది. అధ్యక్షురాలు కాఫీ అయ్యాక లేచి, మన గిల్డ్ పేరు పోయింది, దొంగతనాన్ని మనం సహించం అంది. నన్ను చూసి అనలేదు, కెటిల్ వైపు చూసి అంది. దొంగతనం అన్న మాట మా ఇంట్లో పనిమనిషి విషయంలో కూడా అమ్మ వాడనిచ్చేది కాదు.

నా కడుపు మండిన సంగతి ఇంకోటుంది. ఆ బేస్‌మెంట్‌లో గోడ బీరువా నిండా జిరాక్స్ ప్యాటర్న్‌లే. ఒకరు కొంటారు, పది మంది కాపీ తీసుకుంటారు. గిల్డ్ పుట్టినప్పటినుంచీ అదే ఆనవాయితీ. నా దగ్గరా అలాంటివి రెండున్నాయి, కాదనను. కానీ ఈ ప్యాటర్న్ మాత్రం 24 డాలర్లు పెట్టి కొన్నాను. బీరువా తెరిచి చూపిద్దామా అని నోటిదాకా వచ్చింది. ఏ మొహంతో చూపించను? ఆ కార్డు మూడు రోజులు నా కళ్ళెదుటే ఉందాయె.

ఫిబ్రవరిలో, కళాకారులకి ఉచితంగా సలహా చెప్పే ఒక వకీలు దగ్గరికి మా అమ్మాయి మా ఇద్దర్నీ లాక్కెళ్ళింది. తెల్లజుట్టాయన. నలభై నిమిషాలే టైము. ప్యాటర్న్, ప్రదర్శన కార్డు, కాలెండర్, ఉత్తరం బల్ల మీద పెట్టాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న డిజైన్ గురించి కాదు.

"ఈ పుస్తకం కొన్నారా, జిరాక్సా?"

పుస్తకంలో ఏ పేజీ దాకా కుట్టానో గుర్తుకి షాపు రసీదునే అడ్డం పెట్టుకునేదాన్ని. అది పదకొండో పేజీలో అలాగే ఉంది. తీసి ఇచ్చాను. ఆయన భుజాలు కొంచెం దిగాయి.

"కుట్టుకోమనే కదా ఆవిడ అమ్మింది. మీరు కొన్నారు, కుట్టారు. కాబట్టి మీ క్విల్ట్ సక్రమంగా తయారైన ప్రతి. 1976 నాటి కాపీరైట్ చట్టంలో 109వ సెక్షన్ ఒకటుంది. అలాంటి ప్రతి ఎవరి సొంతమో వాళ్ళు, అది ఉన్న చోటికి వచ్చి చూసేవాళ్ళ ముందు, హక్కుదారుని అడక్కుండానే ప్రదర్శించుకోవచ్చు. గోడకి వేలాడదీసినందుకు మీరు ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు."

ప్యాటర్న్ వెనక అట్ట మీద, సొంత వాడకానికి మాత్రమే, అనుమతి లేకుండా ప్రదర్శించరాదు అని ఉంది. అది చూపించాను. ఆ వాక్యం చట్టం ఇచ్చిన హక్కుని చెరిపేస్తుందా లేదా అన్నది వకీళ్ళు వాదించుకునే సంగతి, దాని జోలికి పోకండి అన్నాడు. ప్రదర్శన పెట్టేవాళ్ళు మాత్రం రాతపూర్వక అనుమతి తెమ్మంటే తేవాల్సిందేనట. అది చట్టం అడగడం కాదు. వాళ్ళ గోడ, వాళ్ళ షరతు.

ఎనిమిది మొనల నక్షత్రం, ఎగిరే బాతులు వందేళ్ళనాటివి కదా, వాటికి ఎవరు యజమాని అని మా అమ్మాయి కొంచెం దూకుడుగా అడిగింది. ఎవరూ కాదన్నాడు. అని ఊరుకోకుండా 2001లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చిన ఒక కేసు చెప్పాడు. అక్షరాల క్విల్ట్‌ల కేసు. ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు ఎవరి సొత్తూ కాదు. కానీ వాటిని ఏ వరసలో, ఏ అమరికలో, ఏ రంగుల జతతో పెట్టారన్నది పెట్టినావిడ సొత్తేనని, దాన్ని పోల్చుకునేలా ఇంకొకరు చేస్తే తప్పేనని అన్నదట ఆ కోర్టు. "నక్షత్రం అందరిదీ. బయటికి పోయేకొద్దీ పెరిగే ఈ మూడు వలయాలు ఆవిడవి కావచ్చు."

తర్వాత కాలెండర్ తీసి అక్టోబర్ పేజీ తిప్పాడు.

"ఇది వేరు. ఇక్కడున్నది క్విల్ట్ కాదు, క్విల్ట్ బొమ్మ. మూడొందల బొమ్మలు. అమ్మకానికి. దీనికి అనుమతి కావాలి."

ఆ ఒకటిన్నర లక్ష సంగతి అడగడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన అడిగారు. మామూలుగా 750 నుంచి 30,000 దాకా, తెలిసి చేశారని తేలితేనే 1,50,000 దాకా పోవచ్చట. అదీ, ఉల్లంఘన మొదలుకాకముందే ఆ కృతి వాషింగ్టన్ కాపీరైట్ ఆఫీసులో నమోదై ఉంటేనే సాధారణంగా ఆ లెక్క వర్తిస్తుంది. లేకపోతే నిజంగా ఆవిడకెంత నష్టం, వీళ్ళకెంత లాభం, అంతవరకే. అక్కడే కంప్యూటర్లో రికార్డులు వెతికాడు. ఈ ప్యాటర్న్ కనపడలేదు. మా ఆయన జేబులోంచి పెన్సిల్ తీసి, మళ్ళీ లోపల పెట్టుకున్నారు.

లేస్తుంటే వకీలు అడిగాడు. "ఈ కార్డు మీద సొంత డిజైన్ అని ఉంది కదా, దీన్ని మీరు ఎప్పుడు చూశారు?"

మా అమ్మాయి నా వైపు చూసింది. మొదటి రోజే అన్నాను. ఆయన ఇంకేం అనలేదు. నలభై నిమిషాలు అయిపోయాయి.

ఆ ఆదివారం డిజైనర్‌కి నా చేత్తో ఉత్తరం రాశాను. వకీలు రాయమన్న పద్ధతి ఒకటుంది, అలా రాయలేదు. గడి తప్పుగా అర్థం చేసుకున్నది రాశాను. కార్డు చూసీ నోరు మూసుకున్నది రాశాను. చీరల గురించి రాయకూడదనుకున్నాను, జాలి అడిగినట్టుంటుందని. రాశాను.

పది రోజులకి ఆవిడే ఫోన్ చేసింది. గొంతులో కోపం ఇంకా ఉంది. ఇంట్లోనే, గరాజ్ పక్క గదిలో పనట. ఆ మూడు వలయాల లెక్క కుదరడానికి ఏడాది పట్టిందట. ఊరూరా గిల్డ్‌లలో ఒక్క పుస్తకం కొని నలభై జిరాక్స్‌లు తీస్తారు, అది నేను ఆపలేను, కనీసం పేరైనా వెయ్యరా అంది. ప్రదర్శనకి అడిగి ఉంటే నేను వద్దనేదాన్నే కాదు, ఎప్పుడూ అనలేదు అంది. నేను వింటూ కూర్చున్నాను. మా గిల్డ్ బీరువా నా కళ్ళ ముందు కదిలింది.

ఫోన్ పెట్టేస్తుందనుకుంటుండగా, "ఒకటి అడగనా? మూడో వలయం మీకెలా మూసుకుంది? చాలామంది మూసుకోవట్లేదని నాకు రాస్తుంటారు" అంది.

గంజి అన్నాను. గంజి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఎన్ని నీళ్ళు, ఎంత చిక్కన, తడి ఉండగా ఇస్త్రీయా ఆరాకా, అన్నీ రాసుకుంది.

చివరికి కుదిరిన ఒప్పందం చిన్నది. ఆవిడకి 150 డాలర్లు. అమ్ముడుపోని 88 కాలెండర్ల మీద అక్టోబర్ పేజీలో ఆవిడ పేరుతో స్టిక్కర్. అమ్మినవాటిలో చిరునామా తెలిసినవాళ్ళకి స్టిక్కర్, క్షమాపణ కాగితం పోస్టులో. 150 నేనే కట్టాను. కాలెండర్ వేసింది గిల్డ్, డబ్బు వచ్చింది గిల్డ్‌కి, ఫారం తయారుచేసిందీ గిల్డే. సగమైనా పెట్టుకుంటామని ఒక్కరూ అనలేదు. ఇది ఇప్పటికీ నాకు మింగుడుపడదు. స్టిక్కర్లు మా భోజనాల బల్ల మీద నేనూ అమ్మాయీ అంటించాం. పాత వాక్యం కనపడకుండా అంటించాలి. వంకరగా పడితే పీకితే కాగితం చిరుగుతుంది. ఎనిమిదో తొమ్మిదో చిరిగాయి.

ఏప్రిల్‌లో రిబ్బను తిరిగి ఇచ్చేశాను. అది సొంత డిజైన్ల విభాగంలో వచ్చింది, కొన్న ప్యాటర్న్‌ల విభాగం వేరే ఉంది. రెండో బహుమతి వచ్చిన పెద్దావిడకి దాన్ని అందరి ముందూ ఇచ్చారు. ఆవిడ నా దగ్గరికొచ్చి, కుట్టు మాత్రం నీదే బాగుంది అంది. కిటికీ వైపు వెళ్ళినావిడ మళ్ళీ నా పక్కకి రాలేదు.

మేలో తెనాలి వెళ్ళినప్పుడు పిన్నికి ఇదంతా చెప్పాను. కాలెండర్ ఆవిడ గోడ మీదే ఉంది, స్టిక్కర్ లేనిది. విని విని, "బొంతకి పర్మిషనేంటే? మీ అమ్మ చీరలు మీ అమ్మవే కదుటే!" అంది. చీరలు అమ్మవే పిన్నీ, వరస వేరేవాళ్ళది అన్నాను. "అయితే ఆవిడ పేరు కూడా రాస్తే పోలా," అని లేచి పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళింది. నేనే స్టిక్కర్ అంటించాను.

తిరిగొచ్చాక క్విల్ట్ వెనక మూల ఉన్న గుడ్డ లేబుల్ పని పెట్టుకున్నాను. దాని మీద ముందే అమ్మ పేరు తెలుగులో, నా పేరు, 2018 అని దారంతో కుట్టి ఉంది. ఆ కింద అరంగుళం జాగా మిగిలింది. డిజైనర్ పేరు పొడుగైనది. ఆకుపచ్చ చీర పోగులు లాగి ఆ దారంతోనే కుట్టాను. చివరి నాలుగు అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. మా ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని చూసి, ఇరుకైపోయింది, విప్పి మళ్ళీ కుట్టరాదూ అన్నారు. విప్పలేదు.